రాత్రి మూడింటికి

సంక్రాంతి వెళ్లి వారమైంది. రాజమండ్రిలో చలి ఇంకా తగ్గలేదు. అయినా రాత్రి మూడింటికి మళ్లీ మెలకువ వచ్చేసింది. గుండెల దగ్గర మొదలైన వేడి మెడ మీదుగా చెవుల దాకా పాకింది. మూడు నాలుగు నిమిషాలే. తర్వాత చెమట. బనీను పిండితే నీళ్లు కారేలా ఉంది. ఆ వెంటనే వణుకు.

నా ప్రోస్టేట్ క్యాన్సర్‌కి ల్యూప్రోలైడ్ ఇంజెక్షన్ మూడు నెలలకొకటి. మొన్న మంగళవారంతో మూడోది అయింది. మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి నుంచి వృషణాలకు అందే కబురు దీంతో ఆగిపోతుంది, మగ హార్మోన్ టెస్టోస్టిరాన్ పడిపోతుంది. ఈ క్యాన్సర్‌కి మేత అదే. ఈ క్యాన్సర్ జోరు ఎంతుందో చూపే రక్తపరీక్ష, పీఎస్ఏ, 46 నుంచి 0.8కి దిగింది. ఆ రిపోర్టు చూసినప్పుడల్లా ధైర్యం వస్తుంది, ఒళ్లు మాత్రం నా మాట వినడం లేదు. 5 కిలోలు పెరిగాను, అంతా పొట్టే. మధ్యాహ్నానికే కాళ్లలో సత్తువ ఉండదు. మనవరాలు వీడియో కాల్‌లో పద్యం అప్పజెబితే ఏడుపు ఆగలేదు. దాంపత్యం సంగతి డాక్టరుగారు ముందే చెప్పారు. అప్పుడు తలూపాను గానీ, అసలు ఆ కోరికే లేకుండా పోతే ఎలా ఉంటుందో ఇప్పుడు తెలుస్తోంది.

నా అలికిడికి మా ఆవిడ లేచి లైటు వేసింది. పొడి తువ్వాలుతో వీపు తుడుస్తూ, "ఆవిర్లేనా? నలభై తొమ్మిదో ఏట నాకూ ఇలాగే ఉండేదండీ" అంది.

"నాకు చెప్పలేదే?"

"చెప్పాను. చలిలో ఫ్యానేంటని కసిరారు."

గుర్తుంది. డిసెంబరులో వంటింటి గచ్చు మీద చాప కూడా లేకుండా పడుకునేది. ఎందుకని అడగలేదు. నెలసరి ఆగినప్పుడు ఆడవాళ్లకు వచ్చేదే మందు వల్ల నాకొస్తోందని డాక్టరుగారు అన్నారు. హార్మోన్ పడిపోతే, ఒంటి వేడిని అదుపులో ఉంచే మెదడు భాగం తడబడుతుందట. తను అన్నేళ్లూ ఒక్కతే పడింది. "తప్పయిపోయిందే" అన్నాను. ఆ మాట గొంతు దాటడానికి చాలాసేపు పట్టింది. తను ఏమీ అనలేదు, మెడ వెనక ఇంకోసారి తుడిచింది.

పొద్దున్న తను చెప్పినట్టే కాఫీ చల్లారాక తాగాను. కూరలో కారం తగ్గించింది. గోదావరి గట్టు మీద అరగంట నడిచొచ్చి, లీటరు నీళ్ల సీసాలు రెండు చేతుల్లో పట్టుకుని ఇరవైసార్లు ఎత్తాను. కండ కరగకుండా, ఎముకలు గుల్లబారకుండా ఉండాలంటే బరువులు ఎత్తాలన్నారు. కాల్షియం మాత్ర సరేసరి.

రాత్రికి తనకి విడిగా బొంత తీసిపెట్టాను. ఫ్యాన్ రెండులో ఉంచమంది.