రోమా 9:5లో ఫుల్‌స్టాప్ ఎక్కడ?

క్రీస్తు దైవత్వం టాపిక్ వచ్చిందంటే చాలు, మన సికింద్రాబాద్ సంఘాల్లో రెండో నిమిషానికే ఎవరో ఒకరు "అది దుర్బోధ బ్రదర్" అనేస్తారు. అసలు చర్చలో ఉన్న వచనంలో మూల గ్రీకు ఏం ఒప్పుకుంటుందో, ఏం ఒప్పుకోదో చూసేంత ఓపిక కూడా ఉండదు, నాకు బాధేసేది అక్కడే.

రోమా 9:5 తీసుకోండి, అంటే రోములోని విశ్వాసులకు పౌలు రాసిన పత్రికలోది. ఇశ్రాయేలీయులకు దేవుడిచ్చినవన్నీ పౌలు వరసగా చెప్పుకుంటూ వస్తాడు, దత్తపుత్రత్వం, మహిమ, నిబంధనలు, ధర్మశాస్త్రం, పితరులు, ఆఖరికి శరీరాన్ని బట్టి క్రీస్తు కూడా వాళ్లలోంచే వచ్చాడంటాడు. వెంటనే "హో ఓన్ ఎపి పాంతోన్ థెయోస్ ఎవ్లొగెతోస్", అంటే అన్నిటికీ పైగా ఉన్నవాడు, దేవుడు, స్తోత్రార్హుడు. "శరీరాన్ని బట్టి" తర్వాత కామా పెడితే ఆ దేవుడు క్రీస్తే. ఫుల్‌స్టాప్ పెడితే మాత్రం వాక్యం అక్కడితో అయిపోయి, తండ్రికి స్తోత్రం విడిగా మొదలవుతుంది. మరి పౌలు ఏది పెట్టాడు అంటే, ఏదీ పెట్టలేదు. పీ46 అనే పపైరస్, అంటే పౌలు పత్రికల పాత చేతిరాత ప్రతి, క్రీ.శ. సుమారు 200 ప్రాంతానిది, మన తాళపత్రాల్లో లాగే అందులోనూ అక్షరాలు మాటల మధ్య ఖాళీ లేకుండా సాగిపోతాయి. పైగా ఈ పత్రిక పౌలు నోటితో చెప్తుంటే తెర్తియు రాశాడు, 16:22లో తనే చెప్పుకున్నాడు. ఆ చోట పౌలు గొంతు ఆగిందో లేదో తెర్తియు విన్నాడు, మనకి మాత్రం అక్షరాలే మిగిలాయి.

మా బైబిల్ స్టడీలో లాలాగూడ నుంచి వచ్చే రిటైర్డ్ రైల్వే అంకుల్ ఫుల్‌స్టాప్ వైపు. "అంటే యేసు దేవుడు కాదంటారా అంకుల్" అని ఒక తమ్ముడు గట్టిగానే అడిగాడు. ఆయన బైబిల్ మూసి పక్కన పెట్టి, "లేదు నాన్నా, యోహాను 20:28లో తోమా యేసుతో 'నా ప్రభువా, నా దేవా' అన్నది నేనూ నమ్ముతా, ఈ వచనం దాని గురించి కాదేమో అంటున్నా అంతే" అన్నారు. ఆయన వాదన తేలిగ్గా తీసిపారేసేది కాదు, 1 కొరింథీ 8:6లో పౌలు ఒక్కడే దేవుడు తండ్రి, ఒక్కడే ప్రభువు యేసుక్రీస్తు అని విడివిడిగా చెప్తాడు, ఎఫెసీ 4:6లో "అందరికి పైగా" ఉన్నది తండ్రే.

నేను కామా వైపే. "హో ఓన్" (ఉన్నవాడు) అని వస్తే మామూలుగా ముందు చెప్పిన మనిషినే పట్టుకుంటుంది, 2 కొరింథీ 11:31లో అలాగే ఉంది. విడి స్తోత్రమైతే "ఎవ్లొగెతోస్" (స్తోత్రార్హుడు) సాధారణంగా దేవుడి పేరు కంటే ముందే వస్తుంది, పాత నిబంధన గ్రీకు అనువాదంలో ఎక్కడ చూసినా దాదాపు అంతే, 68వ కీర్తనలో ఒక్కచోట తేడాగా ఉంటుంది (గ్రీకులో అది 67వది). ఇంకోటి, "శరీరాన్ని బట్టి" అన్నాక రెండో వైపు కూడా చెప్తాడని చెవి ఎదురుచూస్తుంది, రోమా 1:3-4లో శరీరాన్ని బట్టి దావీదు సంతానం, ఆత్మను బట్టి దేవుని కుమారుడు అని చెప్పాడు కదా. తొలి శతాబ్దాల్లో గ్రీకు మాట్లాడిన సంఘ పితరుల్లో ఎక్కువమంది కూడా ఇలాగే చదివారు.

అయినా ఇది తేలిపోయిన కేసు అని నేననను. ఇంగ్లీషులో ఆర్‌ఎస్‌వీ అనే బైబిల్ అనువాదం 1946లో ఫుల్‌స్టాప్ పెట్టింది, దాన్నే సవరించిన ఎన్‌ఆర్‌ఎస్‌వీ 1989లో కామాకి మారింది, రెండో రీడింగ్‌ని ఫుట్‌నోట్‌లో ఉంచింది. మన తెలుగు బైబిల్ "ఈయన" అని మొదలుపెట్టి క్రీస్తు వైపు తేల్చేసింది, అందుకే తెలుగు ఒక్కటే చదివినవాళ్లకి ఇక్కడ ప్రశ్న ఉందనే తెలీదు. అలాంటివాళ్లకి అంకుల్ చెప్పింది వింటే షాక్ కొట్టడం సహజం, ఆ తమ్ముణ్ణి నేనేం తప్పు పట్టను.

వచ్చే వారం తీతు 2:13. అక్కడ సమస్య చుక్కది కాదు, ఆర్టికల్‌ది (ఇంగ్లీషు "ది" లాంటి మాట), రెండు నామవాచకాల ముందు ఒకటే ఆర్టికల్ ఉంటే ఇద్దరా ఒక్కరా అని. ఈసారి ముందు అంకుల్‌నే చెప్పమన్నాం, ఆయన పూర్తిగా చెప్పేదాకా మధ్యలో ఎవ్వరం మాట్లాడకూడదని కూడా అనుకున్నాం, అలా అడిగింది ఆ తమ్ముడే.