కుచ్చుకు ఎంత, పిడికి ఎంత: సింథటిక్ షేవింగ్ బ్రష్ ధర గురించి

షేవింగ్ బ్రష్ కొన్నప్పుడు మనం ఇచ్చే డబ్బు రెండు భాగాలుగా పోతుంది. ఒక భాగం ముఖానికి తగిలే కుచ్చుకు, రెండవది చేతిలో ఉండే పిడికి. ఈ రెంటినీ విడదీసి చూడనంతవరకూ చవక బ్రష్ మేలా, ఖరీదైనది మేలా అన్న చర్చ ఎటూ తేలదు. శ్రీకాకుళంలో ఉంటూ చాలాకాలంగా సింథటిక్ బ్రష్‌లే వాడుతున్న నాకు స్థిరపడిన అభిప్రాయం ఏమిటంటే, ధర పెరిగేకొద్దీ కుచ్చు నాణ్యత ఒక మెట్టు వరకూ గట్టిగా పెరుగుతుంది, ఆ మెట్టు దాటాక పెట్టే సొమ్ములో అధికభాగం పిడికీ పనితనానికీ చెందుతుంది. అది వృథా అని నేను అనను. ఏ సొమ్ము దేనికి పోతున్నదో తెలిసి పెట్టాలన్నదే నా కోరిక.

అసలు మన ప్రాంతానికి సింథటిక్ పోగు ఎందుకు నప్పుతుందో ముందుగా చెప్పుకోవాలి. పందివెంట్రుకా, బ్యాడ్జర్ అనే జంతువు వెంట్రుకా నీటిని తమలోకి పీల్చుకుంటాయి. పందివెంట్రుకల బ్రష్‌ను కొన్ని నిమిషాలు నీటిలో నానబెడితే గాని మెత్తబడదు, వాడిన తరువాత మళ్ళీ పూర్తిగా ఆరనివ్వాలి. సముద్రం పక్కనే ఉన్న మన జిల్లాలో వానాకాలమంతా బట్టలే సరిగా ఆరవు, ఇక కుచ్చు మొదలులో చేరిన తడి ఎక్కడికి పోతుంది? అది నిలిచి వాసన పడుతుంది. సింథటిక్ పోగు నీటిని దాదాపుగా పీల్చుకోదు కనుక గట్టిగా విదిలించి గాలి తగిలే చోట ఉంచితే మరునాటికి పొడిగా ఉంటుంది. పందివెంట్రుక ముఖానికి తగలకూడదనుకునే వారికీ, జంతువుల వెంట్రుకే వద్దనుకునే వారికీ కూడా ఇదే మార్గం. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో సరిగా శుద్ధి చేయని గుర్రపువెంట్రుకల షేవింగ్ బ్రష్‌ల వల్ల బ్రిటన్‌లోనూ అమెరికాలోనూ సైనికులకూ పౌరులకూ ఆంత్రాక్స్ సోకి కొందరు మరణించారని వైద్యచరిత్రలో నమోదై ఉంది. నేడు వెంట్రుకలను శుద్ధి చేసే వాడుతున్నారు కాబట్టి ఆ భయం అక్కరలేదు గాని, బ్రష్ శుభ్రతను తేలికగా తీసుకోరాదనడానికి అంతకంటే గట్టి ఉదాహరణ నాకు కనబడదు.

ఇక కుచ్చు సంగతి. అమెరికాలో డ్యూపాంట్ సంస్థకు చెందిన వాలెస్ కరోథర్స్ బృందం 1935లో నైలాన్‌ను తయారుచేసింది. 1938లో ఆ నైలాన్‌తో బజారుకు వచ్చిన తొలి వస్తువు టూత్ బ్రష్, ఆడవారి మేజోళ్ళు ఆ తరువాతే వచ్చాయి. షేవింగ్ బ్రష్‌లోకి కూడా మొదట ప్రవేశించింది నైలానే. అయితే నైలాన్ తడిస్తే కొంత నీటిని పీల్చుకుని బిగువు కోల్పోతుంది. నేటి మంచి సింథటిక్ బ్రష్‌లలో ఎక్కువగా ఉండేది పాలీబ్యుటిలీన్ టెరెఫ్తలేట్ అనే పదార్థం, దానినే పొట్టిగా పీబీటీ అంటారు. ఇది నీటికి లొంగదు, వంచి వదిలితే వెంటనే నిటారుగా నిలుస్తుంది. అంతకంటే ముఖ్యమైన సంగతి ఏమిటంటే, ఈ పోగుల కొసలను వేడి క్షార ద్రావణంలో ముంచి ఉంచినప్పుడు పైపొర మెల్లగా కరిగి, కొస క్రమక్రమంగా సన్నబడుతుంది. పొందూరులో ఖద్దరు నూలు కోసం పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వే వారికి ఆ పళ్ళ సన్నదనమే ప్రాణమైనట్టు, షేవింగ్ బ్రష్‌లోనూ పోగు పొడవంతటికంటే దాని చివరి కొన్ని మిల్లీమీటర్లే ప్రధానం. చర్మానికి తగిలేది అవే.

ఏడు రోడ్ల కూడలి చుట్టుపక్కల ఫ్యాన్సీ షాపుల్లోనూ, ఊళ్ళలోని కిరాణా కొట్లలోనూ వంద రూపాయల లోపు దొరికే బ్రష్‌లను ఈ దృష్టితో చూడండి. వాటిలో చాలావాటికి పోగులు లావుగా ఉంటాయి, కొసలు కత్తిరించినట్టు మొండిగా ఉంటాయి, కుచ్చు పలుచగా ఉండి మధ్యలో వేలు పెడితే అడుగు తగులుతుంది. అలాంటి బ్రష్ నురగను లేపదు, క్రీమును ముఖం మీద పూస్తుంది, అంతే. గడ్డం కింద మెత్తని చర్మం మీద గుచ్చుకుంటుంది కూడా. కొద్ది వారాలకే పోగులు ఊడి నురగలో కనబడితే ఆశ్చర్యపడనక్కరలేదు. ఈ స్థాయిలో మిగిలే డబ్బు కోసం రోజూ చెంపను బాధపెట్టుకోవడం నాకు సమ్మతం కాదు.

దీనికి పై మెట్టు వెయ్యి రూపాయలకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. చైనాకు చెందిన యాకీ వంటి సంస్థలు అమ్మే బ్రష్‌లు ఈ కోవలోకి వస్తాయి. నల్లని పోగులకు తెల్లని కొసలుండే టక్సెడో కుచ్చు అందరికీ బాగా తెలిసినది. ఇక్కడి నుంచి పోగు సన్నగా, కొస మెత్తగా, కుచ్చు ఒత్తుగా మారుతుంది. వంద రూపాయల బ్రష్‌కూ దీనికీ ఉన్న దూరం చాలా పెద్దది, మొదటిసారి ముఖం మీద పెట్టుకున్న ఎవరికైనా అది తెలుస్తుంది. మొత్తం బ్రష్‌ల ప్రపంచంలో ఇచ్చిన రూపాయికి అత్యధిక ఫలితం దక్కేది ఈ ఒక్క మెట్టు ఎక్కినప్పుడే.

ఆ పైన జర్మనీలోని స్టుట్సెన్‌గ్ర్యూన్‌లో 1945 నుంచి బ్రష్‌లు చేస్తున్న మ్యూలె, 1919లో లండన్‌లో మొదలైన సింప్సన్ వంటి పేర్లు వస్తాయి. సింప్సన్ వారి ట్రఫాల్గర్ శ్రేణి కాస్త అందుబాటు ధరకే ఉద్దేశించినది కాగా, మ్యూలె వారి సిల్వర్‌టిప్ ఫైబర్ బ్రష్‌లు పిడిని బట్టి వేలల్లోకి వెళతాయి. ఒక మిత్రుని దగ్గర ఉన్న అలాంటి బ్రష్‌ను వాడి చూసే అవకాశం నాకు కలిగింది. కొసల మెత్తదనం అంతటా ఒకేలా ఉంది, కుచ్చు ఆకారం ఎటు తిప్పినా సమంగా ఉంది, పిడిలో అది కూర్చున్న చోట జిగురు అంచు కంటికి ఆనలేదు. తేడా ఉన్న మాట నిజం. అయితే ధర నాలుగైదు రెట్లు పెరిగినా నా చెంపకు తెలిసిన సుఖం కొద్దిగానే పెరిగింది. నురగ విషయంలో రెంటికీ భేదం నాకు కనబడలేదు.

కుచ్చు విషయంలో సంస్థ పేరు కంటే కొలతలు ఎక్కువ పని చేస్తాయి. మొదలు దగ్గర వెడల్పు సాధారణంగా 22 నుంచి 26 మిల్లీమీటర్లు, పిడి నుంచి పైకి ఉండే ఎత్తు సుమారు 50 నుంచి 55 మిల్లీమీటర్లు ఉంటుంది. వెడల్పు అంతే ఉండి ఎత్తు తగ్గితే కుచ్చు బిగువుగా ఉండి గట్టి సబ్బు బిళ్ళ మీద చురుకుగా పనిచేస్తుంది, కానీ వంచి వదిలినప్పుడు నురగను అద్దం మీదకు చిమ్ముతుంది. ఎత్తు పెరిగితే ముఖం మీద చక్కగా విచ్చుకుంటుంది, గట్టి సబ్బు దగ్గర మాత్రం కాస్త నీరసంగా ఉంటుంది. ట్యూబు క్రీము వాడేవారికి ఈ బిగువుతో అంత అవసరం లేదు. నురగ లేపడంలో సగం పని క్రీమే చేసి పెడుతుంది కనుక, వారు ఖరీదైన కుచ్చు కోసం వెతకడంలో నాకు అర్థం కనబడదు.

పిడి దగ్గర నా మనసు కొంత మెత్తబడుతుంది. చవక బ్రష్‌ల పిడి తరచు లోపల డొల్లగా ఉండే ప్లాస్టిక్, పైన వెండి రంగు పూత. సబ్బు నీటికి ఆ పూత పొరలుగా లేస్తుంది, తడిచేతిలో జారుతుంది. గట్టి రెజిన్‌తో చేసిన పిడికి ఈ బాధలేవీ లేవు, బరువు కూడా చేతికి హాయిగా ఉంటుంది. కుచ్చులు విడిగా కూడా అమ్ముతారు కాబట్టి మన ప్రాంతపు చేతిపనితో పిడి చేయించుకుంటే ఎలా ఉంటుందని నేను చాలాసార్లు ఆలోచించాను. ఏటికొప్పాక బొమ్మల మాదిరి అంకుడు కర్రను తరిణె పట్టించి లక్క పూయించిన పిడి ఎంత అందంగా ఉంటుందో ఊహించగలను. కానీ లక్క క్షారానికి కరుగుతుంది, షేవింగ్ సబ్బు క్షారగుణం కలది, పైగా రోజూ వేడినీళ్ళు. ఆ అందం నిలవదు. మన జిల్లాలోని బుడితిలో కంచు, ఇత్తడి పనిచేసే వారి చేత ఇత్తడి పిడి చేయిస్తే నీటికి చెడదు, మెరుపు తగ్గితే చింతపండుతో తోముకోవచ్చు. బరువు మాత్రం చూసుకోవాలి, పైభాగం తేలికై అడుగు మరీ బరువైతే ముఖం మీద తిప్పడం కష్టం. అలాంటి పిడికి వేల రూపాయలు ఇవ్వడానికి నేను సిద్ధమే, ఎందుకంటే కుచ్చు అరిగితే మార్చుకోవచ్చు, పిడి ఉండిపోతుంది.

ఖరీదైన బ్రష్ కొని నురగ రావడం లేదని నిరాశపడేవారు ముందు తమ నీటిని పరీక్షించుకోవడం మంచిది. మా ఇంటి బోరు నీరు లాంటి ఉప్పదనం, కఠినత్వం ఉన్న నీటిలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి తెల్లని తెట్టుగా మారతాయి, నురగ వచ్చేలోపే సబ్బు ఖర్చవుతుంది. ఏ ధర బ్రష్ అయినా దీనిని సరిచేయలేదు. ఒక చెంబు మంచినీళ్ళు పక్కన పెట్టుకుంటే సరిపోతుంది. ఇంకొక సంగతి, సింథటిక్ కుచ్చు నీటిని పోగులో దాచుకోదు, పోగుల సందుల్లో మాత్రమే పట్టి ఉంచుతుంది. కనుక బాగా విదిలించి, సబ్బు చిక్కగా పట్టిన తరువాత కొసలను నీటిలో అద్దుతూ కొంచెం కొంచెంగా తడి పెంచాలి. మొదటే నీరు ఎక్కువైతే అది మోచేతి దాకా కారుతుంది. మొదలులో తెల్లటి తెట్టు పేరుకున్నప్పుడు కాస్త వెనిగర్ కలిపిన నీటిలో ముంచి కడిగితే పోతుంది. మరిగే నీటిలో మాత్రం పెట్టకూడదు, జిగురూ పోగుల ఆకారమూ రెండూ చెడతాయి.

సెలూన్ లెక్క వేరు. మా వీధిలో సెలూన్ నడిపే పెద్దాయనను ఒకసారి అడిగితే, "రోజంతా ఇంతమందికి వాడీదానికి కరీదైన బ్రష్ ఎందుకు బాబూ, బాగా కడగడానికి వీలుండాలి, పాడైతే మార్చీడానికి వీలుండాలి" అన్నారు. ఆ మాట నాకు పూర్తిగా సమంజసంగా తోచింది. ఒకరి ముఖం నుంచి మరొకరి ముఖానికి వెళ్ళే బ్రష్‌తో చర్మవ్యాధులు సోకవచ్చు, కాబట్టి సెలూన్‌లో గడ్డం చేయించుకునే వారు సొంత బ్రష్ తీసుకువెళ్ళడం ఇంకా మంచిది.

మొన్న మా బావమరిది ఏ బ్రష్ కొనమంటారు బావా అని అడిగినప్పుడు, అతనిది సున్నితమైన చర్మం, వాడేది క్రీము కనుక 24 మిల్లీమీటర్ల పీబీటీ కుచ్చు, 55 ఎత్తు, రెజిన్ పిడి ఉన్నది తీసుకోమన్నాను. మిగిలే డబ్బుతో నాలుగైదు రకాల బ్లేడులు తెచ్చుకుని తన గడ్డానికి ఏది సరిపోతుందో చూసుకోమన్నాను. ముతక గడ్డంతో గట్టి సబ్బు బిళ్ళ వాడే మా మామయ్యగారికి మాత్రం ఎత్తు తక్కువగా, 26 మిల్లీమీటర్ల వెడల్పుతో ఒత్తుగా ఉన్న కుచ్చు చూడమన్నాను. అదీ ఆ మధ్య మెట్టు ధరలోనే దొరుకుతుంది.