కర్రిని ఎవరికైనా ఇచ్చేయమన్నారు

నాకు నెల తప్పిందని తెలిసిన వారంలోనే సలహాలు మొదలయ్యాయి. లిఫ్ట్ ఎక్కితే చాలు, "ఆ కుక్కని ఎవరికైనా ఇచ్చేయమ్మా", "పాల వాసనకి పిల్లొచ్చి పసిబిడ్డ మొహం మీద పడుకుంటుంది, చూస్కో" అని ఎవరో ఒకరు. మేం ఎవర్నీ ఎవరికీ ఇవ్వలేదు. కర్రి అంటే నల్ల కుక్క, వానలో తడుస్తూ మా వీధిలోనే దొరికాడు, ఇప్పుడు ఆరేళ్ళు. పిల్లి సున్నుండ. రంగు చూసి పేరు పెట్టాం, ఆకారం తర్వాత వచ్చింది.

ఒక్క జాగ్రత్త మాత్రం గట్టిగా పాటించాం. పిల్లి మలం నుంచి వచ్చే టాక్సోప్లాస్మా అనే సూక్ష్మజీవి కడుపులో బిడ్డకి ప్రమాదమని డాక్టరమ్మ చెప్పారు. అయితే అది బయటికొచ్చిన వెంటనే అంటుకోదట, కనీసం ఒక రోజు పడుతుందట, అందుకని ఇసక డబ్బా రోజూ శుభ్రం చేసేయాలి, ఆ చేసేది నేను కాకూడదు. అలా ఆ పని మా ఆయనకి వెళ్ళింది. చంటిదానికి పది నెలలొచ్చాయి, ఇప్పటికీ ఆయనే చేస్తున్నారు. ఇక అక్కర్లేదని నేనూ చెప్పలేదు.

పురుడు తణుకులో అమ్మ దగ్గర. చంటిదాని ఐదో నెలలో విశాఖ వచ్చేశాం. ఈలోపు మా ఆయన వచ్చిన ప్రతిసారీ దాన్ని చుట్టిన పాత చీర ముక్క ఒకటి పట్టుకెళ్ళి కర్రి పక్క మీద వేసేవారు, వాసన అలవాటవుతుందని. ఆ గుడ్డ మీద సున్నుండ పడుకునేది, కర్రి పక్కనే వట్టి నేల మీద. మరి ఎవరికి అలవాటైందో! తీరా దీన్ని ఇంటికి తెచ్చిన రోజు వాడు పాదాలు వాసన చూసి, ఒక తుమ్ము తుమ్మి, ఉయ్యాల కింద పడుకున్నాడు. అంతే.

అసలు కథ ఏడో నెలలో, అన్నప్రాసన రోజు మొదలైంది. చాప మీద పుస్తకం, కలం, బంగారం, కత్తి, పూలు, డబ్బు అన్నీ వరసగా పెట్టాం. ఇది పొట్ట మీద పాక్కుంటూ అన్నీ దాటేసి గుమ్మం దగ్గర పడుకున్న కర్రి చెవి పట్టుకుంది. పంతులుగారు ఒక్క క్షణం ఆగి మళ్ళీ మంత్రం అందుకున్నారు. "పశువుల డాక్టరు" అన్నారు మావయ్యగారు.

అప్పట్నుంచి మేం కాపలా కాస్తోంది కుక్కకి. వాడి నీళ్ళ గిన్నెలో చేతులు పెట్టి తపతపా కొడుతుంది, వాడి బిస్కెట్ నోట్లో పెట్టుకుంటుంది. సున్నుండ తెలివైనది, ఫ్రిజ్ పైకి కాపురం మార్చేసింది. వీడికి ఎక్కడానికేం లేదు. ఓ రోజు వాడి తోక మీద బరువంతా వేసి లేచి నిలబడబోయింది, వాడు గుర్రుమన్నాడు. అత్తయ్య చీపురు అందుకున్నారు. నేను అడ్డం పడ్డాను. గుర్రుమనడమంటే "వద్దు" అని నోరు తెరిచి చెప్పడమే కదా, ఆ మాటకే కొడితే రేపు చెప్పడం మానేసి నేరుగా కరుస్తాడు. నిజానికి వాడు అంతకుముందే చెప్పాడు పాపం. మొహం తిప్పుకున్నాడు, మూతి నాక్కున్నాడు, నిద్ర రాకుండానే ఆవలించాడు. మేమే టీవీ చూస్తున్నాం. మర్నాడే బాల్కనీ గుమ్మానికి అడ్డంగా చిన్న గేటు పెట్టించాం, అటుపక్క కర్రి రాజ్యం. మేం దగ్గర లేకుండా ఇద్దర్నీ ఒక గదిలో నిమిషం కూడా వదలట్లేదు.

మొన్న ఆదివారం ఇంకోటి. చంటిదానికి మోషన్ సరిగ్గా అవ్వట్లేదని అత్తయ్య ఎండుద్రాక్ష నానబెట్టి రసం పిండుతున్నారు. ఇది చెయ్యి విసిరింది, గిన్నె బోర్లా పడింది, కర్రి వచ్చాడు. ద్రాక్ష, ఎండుద్రాక్ష కుక్కల కిడ్నీలు పాడుచేస్తాయని నాకు తెలుసు, కాళ్ళూ చేతులూ ఆడలేదు. "ఎన్ని వేశారత్తయ్యా?" "పదే." అందరం నేల మీద వంగి వెతికితే ఏడు దొరికాయి, ఒకటి చంటిదాని గుప్పిట్లో ఉంది. అంటే రెండు. వెటర్నరీ డాక్టరుకి ఫోన్ చేస్తే, ఇన్ని తింటేనే ప్రమాదమని లెక్క లేదమ్మా, వెంటనే తీసుకొచ్చేయండి అన్నారు. వాంతి అవ్వడానికి ఇంజెక్షన్ ఇచ్చారు. కాసేపటికి వచ్చాయి, రెండు ఎండుద్రాక్షలు, పొద్దున తిన్న పెరుగన్నం, వాటితోపాటు వారం నుంచి మేం ఇల్లంతా వెతుకుతున్న చంటిదాని పసుపురంగు సాక్స్ ఒకటి!

కర్రి బాగానే ఉన్నాడు. ఆ జతలో రెండోది మాత్రం ఇంకా దొరకలేదు. రోజూ పొద్దున్నే వాడిని బయటికి తిప్పడానికి తీసుకెళ్ళినప్పుడు మా ఆయన కాస్త వంగి చూసి వస్తున్నారు.