సాల్వెంట్ లెక్కలో తేలని తేడా

పటాన్‌చెరు, బొల్లారం, జీడిమెట్ల ప్రాంతాల్లోని బల్క్ డ్రగ్ (మందుల ముడిపదార్థాల) పరిశ్రమల కాలుష్యం అనగానే అందరికీ నక్కవాగు నీరే గుర్తుకు వస్తుంది. ఆ నీటి కోసం 1990లోనే సుప్రీంకోర్టులో వ్యాజ్యం పడింది. పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికి వచ్చే నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉందని 2007లో ప్రచురితమైన ఒక అధ్యయనం వెల్లడించింది. నీటి గురించి ఇంత చర్చ జరగడం సమంజసమే. అయితే అవే పరిశ్రమల నుంచి గాలిలో కలిసిపోతున్న సాల్వెంట్ల (ఇతర పదార్థాలను కరిగించే ద్రవాల) గురించి ఎవరూ అంతగా పట్టించుకోకపోవడం నన్ను చాలాకాలంగా బాధిస్తోంది.

మందుల తయారీలో వాడే పదార్థాల్లో బరువు లెక్కన సింహభాగం సాల్వెంట్లదే. ప్లాంట్లలో ఎండీసీ అని పిలుచుకునే మిథిలీన్ డైక్లోరైడ్‌నే తీసుకుందాం. అది 40 డిగ్రీల దగ్గర మరుగుతుంది. 20 డిగ్రీల వద్ద మూసి ఉన్న రియాక్టర్‌లో (రసాయన చర్య జరిపే పాత్రలో) ఎండీసీ పైన నిలిచే గాలిలో దాదాపు సగం దాని ఆవిరే ఉంటుంది. అదే టోలీన్ అనే మరో సాల్వెంట్ అయితే మూడు శాతం మాత్రమే. అలాంటి రియాక్టర్‌లోకి మరో వెయ్యి లీటర్ల ఎండీసీ ఎక్కించినప్పుడు అంతే పరిమాణంలో ఆవిరి నిండిన గాలి వెంట్ (గాలి పోయే గొట్టం) గుండా బయటికి నెట్టుకుపోతుంది, దానితోపాటు కిలోన్నరకు పైగా ఎండీసీ పోతుంది. ఆ వెంట్ మీద, ఆవిరిని చల్లబరిచి ద్రవంగా మార్చేందుకు ఉన్న కండెన్సర్‌కు కూలింగ్ టవర్ నీరు ఇచ్చి ఊరుకుంటే ఎండాకాలంలో అది ఉన్నా లేనట్టే. దాని తర్వాత మైనస్ 15 డిగ్రీల బ్రైన్‌తో (గడ్డకట్టని ఉప్పునీటితో) నడిచే రెండో కండెన్సర్ పెడితే ఆ ఆవిరిలో చాలా భాగం ద్రవంగా మారి తిరిగి చేతికొస్తుంది. ట్యాంకర్ నుంచి దించేటప్పుడు ఆవిరి తిరిగి ట్యాంకర్‌లోకే వెళ్లేలా మరో గొట్టం కలపడం ఇంకా తేలిక, పైగా దానికి కరెంటు ఖర్చు కూడా లేదు.

అసలు నష్టం ఎక్కువగా జరిగేది మందును వేగంగా తిప్పి వడకట్టే సెంట్రిఫ్యూజ్, దాన్ని ఆరబెట్టే డ్రైయర్ల దగ్గర. సెంట్రిఫ్యూజ్ మూత తెరిచి తడి కేకును (వడకట్టగా మిగిలిన ముద్దను) చేత్తో గీకి తీస్తున్నంతసేపూ ఆ ఆవిరి ముందుగా పీల్చేది అక్కడ నిలబడిన మనిషే. కేకులో మిగిలిన సాల్వెంట్ అంతా డ్రైయర్‌లో ఆవిరి కావలసిందే. వడకట్టడం, ఆరబెట్టడం రెండూ ఒకే మూసిన పాత్రలో జరిపి, వ్యాక్యూమ్ లైన్‌కు చల్లటి కండెన్సర్ అమర్చితే ఈ రెండు చోట్లా ఒకేసారి అడ్డుకట్ట పడుతుంది.

బయటికి పోయే వాయువులను కడిగే స్క్రబ్బర్ ఉంది కదా అని చాలామంది అంటారు. నీటి స్క్రబ్బర్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఆవిరిని, అమ్మోనియాను చక్కగా పట్టుకుంటుంది, కానీ టోలీన్ నీటిలో కరగదనే చెప్పాలి. ఎండీసీ కొద్దిగా కరిగినా ఆ నీరు శుద్ధి కేంద్రానికి చేరి, ఏరేషన్ ట్యాంకులో గాలి ఊదగానే మళ్లీ గాలిలోకే పోతుంది.

కాబట్టి పొగ గొట్టం దగ్గర కాకుండా స్టోర్స్ రిజిస్టర్ దగ్గర పని మొదలుపెట్టాలని నా అభిప్రాయం. నెల మొదట్లో ఉన్న నిల్వకు కొన్నది కలిపి, అందులోంచి నెలాఖరు నిల్వను, వ్యర్థ జలాల్లోకి పోయినదాన్ని, బయటికి పంపిన వ్యర్థాల్లో ఉన్నదాన్ని తీసేస్తే మిగిలేదంతా గాలిలోకి పోయినట్టే. ఆ తేడాను ‘హ్యాండ్లింగ్ లాస్’ అని ఒకే వరుసలో రాసి సంతకం పెట్టేస్తే ఏ వెంట్‌ను సరిచేయాలో ఎవరికీ తెలియదు. అదే లెక్కను బ్యాచ్‌వారీగా, యంత్రంవారీగా విడదీసి చూస్తే ఎక్కడ డబ్బు ఖర్చు పెట్టాలో స్పష్టంగా కనిపిస్తుంది.

ఆ లెక్క బయటివారికి కూడా తెలియాలి. భోపాల్ దుర్ఘటన తర్వాత 1986లో అమెరికా చేసిన చట్టం ప్రకారం కర్మాగారాలు ఏ విషరసాయనాన్ని ఎంత వదిలాయో ఏటా ప్రకటించవలసి వచ్చింది. తొలి అంకెలు ప్రజల ముందుకు రాబోతుండగానే, 1988లో, మోన్‌శాంటో సంస్థ తన విష వాయు ఉద్గారాలను 1992 చివరికల్లా 90 శాతం తగ్గిస్తానని ప్రకటించింది. జపాన్ 1999లో అలాంటి చట్టమే తెచ్చుకుంది. భోపాల్ జరిగిన మన దేశంలో మాత్రం ఇప్పటికీ అలాంటి చట్టం లేదు.

ప్రమాదకర వ్యర్థాల, ఉద్గారాల వివరాలను గేటు బయట బోర్డు మీద రాయాలని 2003లో సుప్రీంకోర్టు ఆదేశాలిచ్చింది. నేను చూసిన బోర్డుల్లో గాలి వివరాలంటే బాయిలర్ పొగ గొట్టం అంకెలే ఉంటాయి. కాలుష్య నియంత్రణ మండలి వాటి కిందనే ఒక్కో సాల్వెంట్ పేరు, ఆ ఏడాది కొన్న పరిమాణం, లెక్క తేలని పరిమాణం రాయించాలి.