తుప్పు మీద పీహెచ్‌డీ: ఆంగ్లో-సాక్సన్ ఆర్కియాలజీలో నా అనుభవం

మంగళగిరిలో మగ్గం నేసే ఇంటి పిల్ల ఇంగ్లండ్ వెళ్లి ఆంగ్లో-సాక్సన్ల (ఉత్తర సముద్రం అవతలి నుంచి వచ్చి అక్కడ స్థిరపడినవాళ్లు) క్రీ.శ. 5, 6 శతాబ్దాల సమాధుల మీద పీహెచ్‌డీ చేయడమేంటని మా చుట్టాలకి ఇప్పటికీ అర్థం కాదు. అమ్మైతే ఫోన్ చేసినప్పుడల్లా "బంగారం ఏమన్నా దొరికిందా" అంటుంది. సటన్ హూ అనే చోట ఓడ సమాధిలో 1939లో దొరికింది, స్టాఫర్డ్‌షైర్ పొలంలో 2009లో దొరికింది, నాకు మాత్రం తుప్పే దొరికింది.

ఆ తుప్పే నా థీసిస్. అప్పటి ఆడవాళ్లు బట్టని భుజాల దగ్గర రెండు బ్రోచ్‌లతో (వెనక పిన్ను ఉండే బిళ్లలు) పట్టి ఉంచేవాళ్లు, బ్రోచ్ కంచుదైనా వెనక పిన్ను చాలావాటికి ఇనుముదే. మట్టిలో ఆ పిన్ను తుప్పు పడుతూ ఆనుకుని ఉన్న దారాల్లోకి దిగుతుంది, బట్ట కుళ్లిపోయినా నేత మాత్రం తుప్పులో అలాగే ఉండిపోతుంది. చిటికెన వేలి గోరంత ముక్కని మైక్రోస్కోప్ కింద పెట్టి పడుగెన్ని, పేకెన్ని, దారం ఎటు వడికారు అని చూడటం నాకు ఒకరు నేర్పాల్సిన పని కాలేదు.

అదే నన్ను ఒకసారి ముంచింది కూడా. అప్పటి ఊళ్లలో నేల తవ్వి కట్టిన చిన్న గుడిసెలుంటాయి, వాటిలో మట్టితో చేసిన గారెల్లాంటి మగ్గం బరువులు దొరుకుతాయి. ఇంకేముంది, కాళ్లు గుంటలో పెట్టుకుని నేసే మా గుంట మగ్గమే అనుకుని మాస్టర్స్‌లో ఒక వ్యాసం రాసి పడేశా. గుంట మీద చెక్కల నేల ఉండేదని వెస్ట్ స్టో అనే ఆంగ్లో-సాక్సన్ ఊరిని తవ్విన ఆర్కియాలజిస్టు స్టాన్లీ వెస్ట్ ఎప్పుడో వాదించారని, పైగా ఆ బరువులు గుడిసె వదిలేశాక పోసిన చెత్తలోవి కావచ్చని మా గైడ్ పేజీ నిండా రాసి పంపింది. (ఆవిడని పేరు పెట్టి పిలవడానికి నాకు ఏడాది పట్టింది.) వాళ్లది నిలువు మగ్గం, పడుగు బరువులకి వేలాడుతుంది. నాన్నకి చెబితే ఒక్క క్షణం ఆలోచించి "అయితే పేకని పైకి కొట్టాలి కదమ్మా" అన్నాడు. నిజమే, అందుకు వాడిన కత్తిలాంటి ఇనుప పరికరాలు కెంట్‌లో గొప్పింటి ఆడవాళ్ల సమాధుల్లో దొరికాయి.

ఇక డబ్బు సంగతి. యూకే ప్రభుత్వ పరిశోధన స్టైపెండ్లు 2021 నుంచే బయటి దేశాల వాళ్లకీ ఇస్తున్నారు, అదీ ఏటా చేర్చుకునేవాళ్లలో 30 శాతానికి మించకుండా. నాకు రెండో ప్రయత్నంలో వచ్చింది. వైవా (థీసిస్ మీద మౌఖిక పరీక్ష) తలుపులు మూసిన గదిలో, ఇద్దరు ఎగ్జామినర్లు, రెండున్నర గంటలు. చిన్న దిద్దుబాట్లతో పాసయ్యా.

అసలు టెన్షన్ ఆ తర్వాతే మొదలైంది. ఒక చోట తొమ్మిది నెలల టీచింగ్ కాంట్రాక్టు, మధ్యలో ఖాళీ, ఆ ఖాళీలో ఇళ్ల స్థలాల్లో నిర్మాణానికి ముందు చేసే తవ్వకాల్లో పని. దానికి కూలీలందరిలా సీఎస్‌సీఎస్ కార్డు (నిర్మాణ స్థలాల్లో పనికి అడిగే కార్డు) పరీక్ష రాసి, హెల్మెట్ పెట్టుకుని వానలో పార పట్టాలి. ఒక ఇంటర్వ్యూలో "మీ దేశపు ఆర్కియాలజీ ఎందుకు చేయలేదు" అని అడిగారు, పక్కనున్న జర్మన్ అభ్యర్థిని అడిగి ఉండరు. ఆ ఉద్యోగం రాలేదు.

ఎవరైనా ఇటు రావాలనుకుంటే ముందు జర్మన్ చదవడం నేర్చుకోండి, ఉత్తర సముద్రం అవతలి ఒడ్డు సమాధుల రిపోర్టులు చాలావరకు అందులోనే ఉన్నాయి, నేను ఆలస్యంగా మొదలుపెట్టి ఏడ్చాను. ఇప్పటి కాంట్రాక్టు సెప్టెంబర్ దాకా. మ్యూజియం స్టోర్‌లో ఇంకా 40 పెట్టెలు తెరవాలి.