మొదటి ముద్దతో మాత్ర

మా అబ్బాయికి తొమ్మిదేళ్లు. పుట్టుకతోనే మూత్రమార్గంలో అడ్డుగా ఉన్న కవాటాల వల్ల వాడి కిడ్నీలు మెల్లమెల్లగా దెబ్బతిని, రెండేళ్ల క్రితం పూర్తిగా పనిచేయడం మానేశాయి. అప్పటి నుంచి ఇంట్లోనే పొట్ట ద్వారా డయాలసిస్ చేస్తున్నాం. మమ్మల్ని చూడడానికి వచ్చిన ప్రతివారూ "పిల్లాడికి బలానికి ఏం పెడుతున్నారు?" అని అడుగుతారు. నేను కూడా చాలాకాలం బలం గురించే ఆలోచించాను. డయాలసిస్ మీద ఉన్న పిల్లల ప్రాణానికి ఇన్ఫెక్షన్లతో పాటు అతి పెద్ద ముప్పు తెచ్చిపెట్టేవి గుండె, రక్తనాళాల జబ్బులేనని, వాడికి పెట్టే ప్రతి ముద్దనూ గుండెను దృష్టిలో పెట్టుకునే పెట్టాలని నాకు అర్థమైంది ఎకో రిపోర్టులో గుండె ఎడమ గది గోడ మందమైందని రాసి ఉండడం చూసిన రోజున.

గోడ ఎందుకు మందమవుతుందో డాక్టరుగారు వివరంగా చెప్పారు. బీపీ పెరగడం, ఒంట్లో నీరు నిలిచిపోవడం, రక్తం తగ్గడం, ఈ మూడూ గుండె మీద అదనపు భారం మోపుతాయి. ఉప్పు తగ్గిస్తే దాహం తగ్గుతుంది, దాహం తగ్గితే నీరు అదుపులో ఉంటుంది, కాబట్టి ఆవకాయ జాడీ వాడి కంటికి కనబడకుండా పై అరలోకి వెళ్లింది. రక్తం కోసం ఐరన్, ఎరిత్రోపొయిటిన్ ఇంజెక్షన్లు నడుస్తున్నాయి. ఇవన్నీ ఒక పద్ధతిలో పడిపోయాయి.

పద్ధతిలో పడనిది ఫాస్ఫరస్, తిండితో ఒంట్లోకి చేరే ఒక ఖనిజం. కిడ్నీలు దాన్ని బయటికి పంపలేనప్పుడు అది రక్తంలో పేరుకుపోతుంది, కాల్షియాన్ని అదుపు చేసే పారాథైరాయిడ్ హార్మోను పెరుగుతుంది, ఎముకల్లోంచి కాల్షియం కదులుతుంది, క్రమంగా ఎముకలో ఉండవలసిన సున్నం రక్తనాళాల గోడల్లో చేరుతుంది. 2000లో అమెరికాలో వచ్చిన ఒక అధ్యయనంలో, చిన్నవయసు నుంచీ కిడ్నీ వైఫల్యంతో ఉన్నవారి గుండె రక్తనాళాలను స్కాన్ చేసి చూశారు. ఇరవై ఏళ్ల లోపు ఉన్న 23 మందిలో ఒక్కరికీ సున్నం కనబడలేదు, ఇరవై నుంచి ముప్పై ఏళ్ల మధ్య ఉన్న 16 మందిలో 14 మందికి కనబడింది. ఈ అంకెలు చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పైగా సున్నం కనబడినవారు ఫాస్ఫరస్‌ను కట్టడి చేసే మాత్రల రూపంలో తీసుకున్న కాల్షియం, కనబడనివారు తీసుకున్నదానికి దాదాపు రెట్టింపు ఉందట.

ఆ మాత్రల గురించి తల్లులందరికీ చెప్పాలనిపించే విషయం ఒకటుంది. అవి భోజనంలోని ఫాస్ఫరస్‌ను కడుపులోనే పట్టుకుని మలంతో బయటికి పంపుతాయి కాబట్టి అన్నంతో పాటే పడాలి. కాల్షియం మాత్రను ఖాళీ కడుపున వేస్తే చేయవలసిన పని చేయకపోగా, ఒంట్లోకి కాల్షియాన్ని మాత్రం చేరుస్తుంది. ఒకసారి రక్తపరీక్షలో వాడి ఫాస్ఫరస్ బాగా ఎక్కువగా, 7.4 రావడంతో నేను పాలను, పప్పును అనుమానించాను. మర్నాడు బడి సంచి ఉతకడానికి తీస్తే, లోపలి జేబులో క్యారేజీతో పంపిన మాత్రలు పదకొండు, చెమ్మకు అంచులు కరిగి, పెన్సిల్ పొట్టుతో కలిసి ఉన్నాయి. పిల్లల ముందు మాత్ర వేసుకోవడానికి వాడు సిగ్గుపడ్డాడు. వాణ్ణి కోప్పడకుండా, క్లాసు టీచరుగారితో మాట్లాడి వచ్చాను.

పప్పును అనుమానించడం కూడా నా పొరపాటే. గింజల్లోని ఫాస్ఫరస్‌లో సగమో, అంతకంటే తక్కువో మాత్రమే ఒంటికి పడుతుంది, ప్యాకెట్ తిండిలోనూ కోలా డ్రింకుల్లోనూ కలిపే ఫాస్ఫేటు మాత్రం దాదాపు మొత్తం పడుతుంది. పొట్ట డయాలసిస్‌లో ప్రొటీన్ రోజూ ద్రవంతో పాటు పోతూ ఉంటుంది, దాన్ని భర్తీ చేయకపోతే పిల్లవాడు ఎదగడు. అందుకే మా డైటీషియన్ కోడిగుడ్డు తెల్లసొన పెట్టమన్నారు, ఎందుకంటే ప్రొటీన్ నిండుగా ఉండే ఆ తెల్లసొనలో ఫాస్ఫరస్ నామమాత్రమే, గుడ్డులోని ఫాస్ఫరస్ దాదాపు అంతా పచ్చసొనలోనే ఉంటుంది.

ఇక టానిక్కుల సంగతి. డయాలసిస్‌లో నీటిలో కరిగే విటమిన్లు పోతాయి గనుక బి విటమిన్లు, ఫోలిక్ యాసిడ్ డాక్టర్లే రాస్తారు. విటమిన్ ఎ అలా పోదు, ఒంట్లోనే పేరుకుని విషమవుతుంది, కాబట్టి మామూలు మల్టీవిటమిన్ సిరప్‌గానీ చేప లివర్ నూనెగానీ సొంతంగా పట్టకూడదు. విటమిన్ డి తక్కువైనా, మరీ ఎక్కువైనా పిల్లల రక్తనాళాలకు చెరుపేనని లండన్ పరిశోధకులు చూపించారు. ఫోలిక్ యాసిడ్ కిడ్నీ జబ్బున్న పిల్లల రక్తనాళాల లోపలి పొర పనితీరును మెరుగుపరిచిందని 2002లో అక్కడి వైద్యులే ప్రకటించారు, ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లంతో మాత్రం వారికి ఆ ఫలితం రాలేదు. అయితే 2007లో అమెరికాలో కిడ్నీ జబ్బు ముదిరిన రెండువేల మందికి పైగా పెద్దవాళ్లకు ఎక్కువ మోతాదులో ఫోలిక్ యాసిడ్, బి6, బి12 ఇచ్చి చూస్తే మరణాలు తగ్గలేదు. పరీక్షలో ఒక అంకె బాగుపడడం వేరు, గుండె బాగుపడడం వేరు. అందుకే "గుండెకు మంచిది" అని డబ్బా మీద రాసి ఉన్నంత మాత్రాన నేను కొనను.

మా అత్తయ్యగారిది కోనసీమ. మొదట్లో వచ్చినప్పుడల్లా మనవడికని కొబ్బరి బొండాలు తెచ్చేవారు. వంద మిల్లీలీటర్ల కొబ్బరినీళ్లలో 200 మిల్లీగ్రాములకు పైగా పొటాషియం ఉంటుందని, అది పెరిగితే చెప్పాపెట్టకుండా గుండె ఆగిపోవచ్చని చెప్పినప్పుడు ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. ఇప్పుడు ఆవిడే పొటాషియం తగ్గేలా కూరగాయలు చిన్నముక్కలుగా తరిగి, ఎక్కువ నీళ్లలో ఉడికించి, ఆ నీళ్లు పారబోసి తాలింపు వేస్తున్నారు. నిన్న రాత్రి అన్నం కలిపి, ముద్ద చేతిలో పట్టుకుని, "ముందు మాత్ర నములు నాన్నా, ఆ తర్వాతే ముద్ద" అని వాడి నోటి దాకా వచ్చిన చెయ్యి ఆపేశారు. వాడు నమిలి, తెల్లబడ్డ నాలుక చాపి చూపించాడు.