లైట్లు వెలుగుతాయి, స్వరం పలకదు: మిడి కంట్రోలర్‌తో నా అనుభవం

మిడి కీబోర్డు (తనంతట తాను పలకక, నొక్కిన మీటల సమాచారాన్ని కంప్యూటర్‌కు పంపే కీబోర్డు, దీన్నే మిడి కంట్రోలర్ అంటారు) వాడేవాళ్లందరూ ఎప్పుడో ఒకప్పుడు అనే మాట ఇది: "లైట్లు వెలుగుతున్నాయి, కంప్యూటర్‌లో మాత్రం పలకడం లేదు." పోయిన ఎండాకాలం నాకూ ఆ తిప్పలు తప్పలేదు. అనంతపురంలో మా ఇంటి పైగదిలో చిన్న రికార్డింగ్ సెటప్ ఉంది. విండోస్ లాప్‌టాప్, అందులో రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్, మైకు శబ్దాన్ని కంప్యూటర్‌కు అందించే ఒక ఆడియో ఇంటర్‌ఫేస్, ఒక మైకు, 49 కీల మిడి కంట్రోలర్. చుట్టుపక్కల ఊళ్ల చెక్కభజన బృందాలు వచ్చి పాడితే రికార్డు చేస్తాను. వెనక హార్మోనియం, వయొలిన్ల శబ్దం కంట్రోలర్ మీద వాయించి కలుపుతాను. అలా ఒక బృందం పాట సగంలో ఉండగా కంట్రోలర్ మొరాయించింది. తవ్వుతూ పోతే ఒకదాని వెనక ఒకటి నాలుగు వేర్వేరు కారణాలు బయటపడ్డాయి. ఒకటి సరిచేస్తే ఇంకొకటి ఎదురవుతుంటే మనిషికి ఓపిక పోతుంది. అందుకే వివరంగా రాస్తున్నాను.

ముందు ఒక సంగతి. కంట్రోలర్ నుంచి కంప్యూటర్‌కు వెళ్లేది శబ్దం కాదు, సమాచారం మాత్రమే. ఏ మీట నొక్కాం, ఎంత గట్టిగా నొక్కాం, ఎప్పుడు వదిలాం, అంతే. ఆ సమాచారం కేబుల్ గుండా యూఎస్‌బీ పోర్టుకు, అక్కడి నుంచి విండోస్‌కు, విండోస్ నుంచి రీపర్‌కు, రీపర్‌లో ఒక ట్రాక్‌కు, ఆ ట్రాక్ మీద పెట్టిన వాయిద్యం ప్లగిన్‌కు (వాయిద్యంలా పలికే చిన్న సాఫ్ట్‌వేర్‌కు) చేరాలి. శబ్దం పుట్టేది ఆ చివర్లో. మధ్యలో ఎక్కడ తెగినా మనకు కనిపించేది ఒకటే: నిశ్శబ్దం. చాలామంది చేసేది ఏమిటంటే సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయడం, కాకపోతే విండోస్ మొత్తం మళ్లీ వేయించడం. నేను ఆ దారిలో వెళ్లకపోవడానికి కారణం బృందం గురువుగారు. ఆయన రైతు. నేను వైర్లు పీకుతూ పెడుతూ ఉంటే చూసి, "నాయనా, ఆఖరి చెట్టుకు నీళ్లు పారకపోతే మేము డ్రిప్పు పైపంతా పీకెయ్యం. మోటారు కాడి నుంచి ఒక్కో వాల్వు చూసుకుంటా వస్తాం" అన్నారు. నేనూ మోటారు దగ్గర నుంచే మొదలుపెట్టాను.

మొదటిది కేబుల్. కంట్రోలర్‌కు యూఎస్‌బీ నుంచి కరెంటు అందుతోంది, మీటల కింద లైట్లన్నీ వెలుగుతున్నాయి. కానీ కేబుల్ గుచ్చినప్పుడు విండోస్ చేసే 'టిడింగ్' శబ్దం రాలేదు. విండోస్‌లో తగిలించిన పరికరాల జాబితా చూపే డివైస్ మేనేజర్ తెరిచి పెట్టుకుని కేబుల్ పీకి మళ్లీ గుచ్చాను. కొత్త పరికరం తగిలితే ఆ జాబితా ఒక్కసారి కదిలి మళ్లీ నిలబడుతుంది. అది కదలనే లేదు. అంటే విండోస్ దాకా సంగతి రావడమే లేదు, రీపర్‌ను తప్పుపట్టి లాభం లేదు. కంట్రోలర్‌తో పాటు వచ్చిన కేబుల్ అంతకుముందే మెడ దగ్గర తెగితే, దాని బదులు ఇంకొకటి కొని వాడుతున్నాను. రెండింటినీ పాతూరులో ఎలక్ట్రానిక్స్ రిపేర్లు చేసే భాయ్ దగ్గరికి తీసుకెళ్లాను.

భాయ్ కొత్త కేబుల్ పట్టుకుని వేళ్లతో నలిపి చూశాడు. "సన్నగా ఉందన్నా. కోసేద్దునా?" అని అడిగి, నేను సరే అనగానే కట్టర్‌తో మధ్యకు కోసి పైతొడుగు ఒలిచాడు. లోపల ఎర్ర తీగ, నల్ల తీగ. అంతే. తర్వాత తెగిపోయిన పాత కేబుల్ ఒలిచి పక్కన పెట్టాడు. అందులో ఎరుపు, నలుపుతో పాటు ఆకుపచ్చ, తెలుపు కూడా ఉన్నాయి, వాటి చుట్టూ వెండిరంగు రేకు చుట్టి ఉంది. "ఎరుపు, నలుపు కరెంటుకు. పచ్చది, తెల్లది డేటాకు. ఇందులో రెండు వైర్లే ఉండాయి. లైటు ఎలిగితే సరిపోతాదా అన్నా?" అన్నాడు. ఫోను ఛార్జింగ్‌కు మాత్రమే చేసిన కేబుల్ అది. బయటికి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. ఇప్పుడు నేను కేబుల్ కొనేముందు దాంతో ఫోనును లాప్‌టాప్‌కు కలిపి, ఫోనులోని ఫొటోలు కంప్యూటర్‌లో తెరుచుకుంటున్నాయా అని అక్కడే చూస్తాను. తెరుచుకున్నాయంటే డేటా తీగలు ఉన్నట్టే.

నాలుగు తీగల కేబుల్ కొని పెట్టగానే డివైస్ మేనేజర్‌లో కంట్రోలర్ పేరు వచ్చింది. ఇప్పుడు వచ్చే చాలా కంట్రోలర్లు యూఎస్‌బీ మిడి ప్రమాణానికి అనుగుణంగా ఉంటాయి కాబట్టి విడిగా డ్రైవరు అక్కర్లేదు, విండోస్‌లో ఉన్నదే సరిపోతుంది. కానీ రీపర్ తెరిస్తే ఒక హెచ్చరిక పెట్టె వచ్చింది. ఫలానా మిడి ఇన్‌పుట్‌ను తెరవలేకపోయామని, ఈ పనికి సరిపడా మెమరీ లేదని, కొన్ని ప్రోగ్రాములు మూసేసి మళ్లీ ప్రయత్నించమని.

ఆ మాట చూసి ర్యామ్ కొనడానికి బయల్దేరినవాళ్లు నాకు తెలుసు. నా లాప్‌టాప్‌లో ర్యామ్‌కు కొదవలేదు. ఆ హెచ్చరికకూ ర్యామ్‌కూ సాధారణంగా సంబంధం ఉండదు. విండోస్‌లో పాత పద్ధతి డ్రైవర్లతో నడిచే మిడి పోర్టును ఒక సమయంలో ఒక్క ప్రోగ్రామే పట్టుకోగలదు. ఇంకో ప్రోగ్రాము అప్పటికే పట్టుకుని ఉంటే రెండోదానికి వచ్చే జవాబు ఆ వాక్యం రూపంలో ఉంటుంది. మాక్‌లో ఈ గొడవ లేదు, ఒకే కీబోర్డును నాలుగు ప్రోగ్రాములు పంచుకోవచ్చు.

మరి నా పోర్టును పట్టుకున్నదెవరు? టాస్క్‌బార్‌లో రీపర్ తప్ప సంగీతానికి సంబంధించిన ప్రోగ్రామేదీ లేదు. ఉన్నది బ్రౌజర్ ఒక్కటే. సెలవులకు వచ్చిన మా అక్క కూతురు ఆన్‌లైన్‌లో పియానో పాఠాలు నేర్చుకుంటోంది. ఆ పేజీ మిడి పరికరం వాడుకోవడానికి అనుమతి అడిగి తీసుకుంది. పాఠం అయిపోయినా ట్యాబు తెరిచే ఉంది. బ్రౌజర్‌ను పూర్తిగా మూసి, రీపర్‌ను మళ్లీ తెరిస్తే హెచ్చరిక లేదు.

ఇక్కడ మిడి-ఆక్స్ గురించి చెప్పాలి. విండోస్‌లో ఉచితంగా దొరికే చిన్న ప్రోగ్రాము. కంట్రోలర్ ఏమి పంపుతోందో అక్షరాలా చూపిస్తుంది. ఇలాంటి ఇబ్బందుల్లో దీనంత మేలు చేసేది నాకు ఇంకొకటి కనపడలేదు, ఎందుకంటే దారిని సరిగ్గా మధ్యకు విడగొడుతుంది. మీట నొక్కితే అందులో వరుసలు పడ్డాయంటే కంట్రోలర్, కేబుల్, పోర్టు, విండోస్ అన్నీ బాగున్నట్టు, ఇక వెతకాల్సింది రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ లోపలే. పడలేదంటే సాఫ్ట్‌వేర్ జోలికే పోనక్కర్లేదు. ఒక్క జాగ్రత్త: చూడటం అయ్యాక మిడి-ఆక్స్‌ను మూసేయాలి. లేకపోతే పోర్టును అదే పట్టుకుని కూర్చుంటుంది, రీపర్ మళ్లీ అదే హెచ్చరిక ఇస్తుంది.

మధ్యలో ఉండే సి మీట నొక్కి చూశాను. ఒక వరుస పడింది: 90, 3సి, దాని పక్కన నొక్కిన బలం, చివర నోట్ ఆన్ అని. హెక్సాడెసిమల్ (పదికి బదులు పదహారుతో లెక్కించే) లెక్కలో 90 అంటే ఒకటో ఛానెల్ (ఒకే తీగలో వెళ్లే విడివిడి దారుల్లో ఒకటి) మీద మీట నొక్కారని. 3సి అంటే మన లెక్కలో 60, మిడిల్ సి నంబరు. బలం 0 నుంచి 127 వరకు ఉంటుంది. మెల్లగా తాకితే ఇరవై, ముప్ఫై మధ్య, గట్టిగా కొడితే వంద దాటి. వేలు తీయగానే ఇంకో వరుస. మూడు బైట్లలో ఒక స్వరం. 1983 జనవరిలో అమెరికాలో జరిగిన నామ్ అనే సంగీత వాయిద్యాల ప్రదర్శనలో సీక్వెన్షియల్ సర్క్యూట్స్ వాళ్ల ప్రాఫెట్-600 సింథసైజర్‌ను, పోటీ కంపెనీ రోలాండ్ వాళ్ల జూపిటర్-6ను ఒక తీగతో కలిపి చూపించినప్పుడు వాటి మధ్య నడిచిన భాష ఇదే. సీక్వెన్షియల్ స్థాపకుడు డేవ్ స్మిత్, రోలాండ్ స్థాపకుడు ఇకుతారో కకేహాషి అనే ఇద్దరు, పోటీని పక్కనపెట్టి అందరికీ ఒకే భాష ఉండాలని పట్టుబట్టారు. 2013లో వాళ్లిద్దరికీ టెక్నికల్ గ్రామీ ఇచ్చారు. ఆ మూడు బైట్లు అనంతపురంలో నా తెర మీద పడుతుంటే నిజంగా గౌరవం కలిగింది.

మిడి-ఆక్స్‌లో వరుసలు బాగానే పడుతున్నాయి, దాన్ని మూసి రీపర్‌లోకి వెళ్తే మాత్రం శబ్దం లేదు. ఇది మూడో కారణం. నాలుగు తీగల కేబుల్‌ను నేను ఇంకో పోర్టుకు గుచ్చి ఉన్నాను. పోర్టు మారితే విండోస్ కొన్నిసార్లు అదే కంట్రోలర్‌ను కొత్త పరికరం అనుకుని పేరు ముందు '2-' అని చేర్చి నమోదు చేసుకుంటుంది. రీపర్‌లో నా పాత ట్రాకులన్నీ పాత పేరు కోసమే ఎదురుచూస్తున్నాయి. ప్రిఫరెన్సెస్‌లో మిడి పరికరాల జాబితాకు వెళ్లి, కొత్త పేరు మీద రెండుసార్లు నొక్కి ఇన్‌పుట్‌ను ఎనేబుల్ చేశాను. తర్వాత ట్రాక్ ఇన్‌పుట్‌లో ఒక్క పరికరం పేరు కాకుండా అన్ని మిడి ఇన్‌పుట్లు, అన్ని ఛానెళ్లు అని పెట్టాను. ఇక పేరు మారినా ట్రాకుకు పట్టింపు లేదు. ట్రాక్ మీద ఎర్ర రికార్డ్ బటన్, దాని పక్కన మానిటర్ బటన్ రెండూ వెలుగుతుండాలి, లేకపోతే సమాచారం ప్లగిన్ దాకా వెళ్లదు. వేరే సాఫ్ట్‌వేర్లలో పేర్లు వేరు, పని ఒకటే. ఎఫ్ఎల్ స్టూడియోలో ఎఫ్10 నొక్కితే వచ్చే మిడి సెట్టింగ్స్‌లో కంట్రోలర్‌ను ఎంచుకుని ఎనేబుల్ చేయాలి. ఏబుల్టన్ లైవ్‌లో మిడి ప్రిఫరెన్సెస్‌లో ఆ పరికరం ఇన్‌పుట్ ఎదురుగా ట్రాక్ అనేది ఆన్ చేయాలి.

ఛానెళ్ల సంగతి విడిగా ఒక మాట. మిడిలో 16 ఛానెళ్లు ఉంటాయి. చాలా కంట్రోలర్లలో మీటలు ఒకటో ఛానెల్ మీద, డ్రమ్ ప్యాడ్లు పదో ఛానెల్ మీద పంపుతాయి. అందుకే మీటలు పలికి ప్యాడ్లు పలకకపోతే ప్యాడ్లు పోయాయని కంగారుపడొద్దు, ట్రాక్ ఏ ఛానెల్ వింటోందో చూడండి.

స్వరం పలికింది. గురువుగారు ఫోన్ చేసి, "ఏమైంది నాయనా, పలికిందా?" అంటే, "పలికింది గురువుగారూ, ఆదివారం రండి" అన్నాను. ఆదివారం అందరూ వచ్చారు, చరణం మొదలైంది, హార్మోనియం బాగా కుదిరింది. మధ్యలో ఆపి, పదాల విరుపు గురించి గురువుగారితో కాసేపు మాట్లాడి తిరిగి మీట నొక్కితే చడీచప్పుడు లేదు. కేబుల్ పీకి గుచ్చితే పలికింది. మళ్లీ కాసేపు ఆగితే మళ్లీ మౌనం.

వాయిస్తున్నంతసేపూ బాగుండి, ఆగినప్పుడే పోతోందంటే కేబుల్ లోపం కాకపోవచ్చని అక్కడే అనిపించింది. ఆ రోజు కరెంటు వస్తూ పోతూ ఉంది, లాప్‌టాప్ ఎక్కువసేపు బ్యాటరీ మీదే నడిచింది. పని లేకుండా ఉన్న యూఎస్‌బీ పరికరాన్ని కరెంటు ఆదా కోసం విండోస్ నిద్రపుచ్చగలదు. దీన్ని సెలెక్టివ్ సస్పెండ్ అంటారు. కొన్ని పరికరాలు ఆ నిద్ర నుంచి సరిగ్గా లేవవు. పవర్ ఆప్షన్స్‌లో అడ్వాన్స్డ్ సెట్టింగ్స్ తెరిచి, యూఎస్‌బీ కింద ఉన్న ఆ అంశాన్ని బ్యాటరీకీ, ప్లగ్‌లో ఉన్నప్పటికీ రెండింటికీ డిజేబుల్ చేశాను. కొన్ని లాప్‌టాప్‌లలో ఈ అంశం అక్కడ కనిపించదు. అప్పుడు డివైస్ మేనేజర్‌లో యూఎస్‌బీ రూట్ హబ్ ప్రాపర్టీస్ తెరిచి, పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్‌లో కరెంటు ఆదా కోసం ఈ పరికరాన్ని ఆపొచ్చు అనే టిక్కు తీసేయాలి.

హబ్బు విషయం కూడా అప్పుడే తేల్చేశాను. ఆడియో ఇంటర్‌ఫేస్, కంట్రోలర్, మౌస్, పెన్‌డ్రైవ్ అన్నీ అడాప్టర్ లేని ఒకే హబ్బుకు (ఒక యూఎస్‌బీ పోర్టును చాలా పోర్టులుగా చీల్చే పెట్టెకు) వేలాడుతున్నాయి. యూఎస్‌బీ 2.0 పోర్టు ఇవ్వగలిగేది 500 మిల్లీ ఆంపియర్లు, దాన్ని అన్నీ పంచుకోవాలి. ఇంటర్‌ఫేస్‌ను, కంట్రోలర్‌ను నేరుగా లాప్‌టాప్‌కు పెట్టి మౌస్, పెన్‌డ్రైవ్‌ను హబ్బుకు వదిలేశాను. అప్పటి నుంచి మధ్యలో పోవడం లేదు.

కనెక్షన్ తెగడంలో ఇంకో చికాకు ఉంది. మీట నొక్కి ఉండగా తెగితే, నొక్కిన కబురు చేరి వదిలిన కబురు చేరదు. ఆ స్వరం ఆగకుండా మోగుతూనే ఉంటుంది. రీపర్‌లో యాక్షన్ల జాబితాలో ఆల్ నోట్స్ ఆఫ్ అని వెతికితే దొరుకుతుంది. దానికి ఒక షార్ట్‌కట్ మీట పెట్టుకోండి, బృందం ముందు ఆ మోత ఆపడానికి తడుముకోనక్కర్లేదు.

పాత పెద్ద కీబోర్డులకు యూఎస్‌బీ ఉండదు, ఐదు పిన్నుల గుండ్రటి మిడి సాకెట్లు ఉంటాయి. వాటిని యూఎస్‌బీ మిడి కేబుల్‌తో కలపొచ్చు. కీబోర్డు అవుట్ నుంచి బయల్దేరింది కేబుల్ ఇన్‌లోకి వెళ్లాలి. కానీ కొన్ని కేబుళ్ల మీద 'ఇన్' అని రాసి ఉంటే, కీబోర్డు ఇన్‌కు గుచ్చమని దాని అర్థం. పలకకపోతే రెండు ప్లగ్గులు అటూ ఇటూ మార్చి చూడండి, దానివల్ల ఏమీ కాలిపోదు.

కనెక్షన్ కుదిరాక మీట నొక్కిన కాసేపటికి స్వరం వస్తోందంటే అది వేరే విషయం, ఆడియో బఫరు (శబ్దాన్ని వినిపించేముందు కంప్యూటర్ పోగుచేసుకునే ముక్కల గుంపు) పెద్దదిగా ఉందని అర్థం. సెకనుకు 44,100 శాంపిళ్ల (శబ్దం ముక్కల) రేటులో 1024 శాంపిళ్ల బఫరు ఒక్కటే 23 మిల్లీసెకన్లు తింటుంది. చెక్కల వేగానికి అది బాగా తెలుస్తుంది. వాయించేటప్పుడు 128 పెట్టుకుంటే సుమారు 3 మిల్లీసెకన్లకు దిగుతుంది. మిక్సింగ్‌కు మళ్లీ పెంచుకుంటాను, లేకపోతే చిటపటలు వస్తాయి.

ఇక సస్టెయిన్ పెడల్, అంటే కాలితో నొక్కి ఉంచితే వేలు తీసినా స్వరాన్ని సాగదీసేది. కాలు తీస్తే స్వరం సాగుతూ, నొక్కితే తెగుతూ ఉల్టాగా పనిచేస్తోందంటే పెడల్ చెడిపోయిందని తేల్చేయకండి. చాలా కీబోర్డులు ఆన్ అయ్యే క్షణంలో పెడల్ ఏ స్థితిలో ఉందో చూసుకుని, అదే వదిలిన స్థితి అనుకుంటాయి. కంట్రోలర్ కేబుల్ తీసి, పెడల్ ముందే గుచ్చి, దాని మీద కాలు లేకుండా కేబుల్ మళ్లీ పెట్టండి.